రాత్రి రెండు గంటల ఫోన్: లారీ డ్రైవర్ పని ఎప్పుడు మారాలి, ఎట్లా మారాలి

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకొని చివరిదాక చదవండి.

మన గ్రూపులో ఎప్పుడూ గ్రూప్స్, డీఎస్సీ, స్కాలర్‌షిప్పుల గురించే రాసుకుంటం. రాసుకోవాల్సిందే. కానీ మన తండాల్లో, గూడేల్లో నలుగురైదుగురు డ్రైవర్లు లేని ఊరు ఉండదు. మనలో చాలామందిమి హాస్టల్ల కూసొని చదువుతున్నమంటే వెనకాల ఎక్కడో ఒక స్టీరింగు తిరుగుతున్నది. 2024 జనవరి మొదట్లో హిట్ అండ్ రన్ చట్టం మీద డ్రైవర్లు బండ్లు ఆపితే హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల దగ్గర జనం లైన్లు కట్టిండ్రు. ఆ రెండు రోజులు తప్ప డ్రైవర్ బతుకు గురించి ఎవరూ మాట్లాడలేదు. మనం కూడా మాట్లాడలేదు.

మా భియా లారీ డ్రైవర్. వయసు ఇరవై ఎనిమిది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిండు. పదిహేడేళ్లకు క్లీనర్‌గా ఎక్కిండు. 2021 జనవరిలో ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు వచ్చింది. అప్పటి నుంచి మహబూబాబాద్ దిక్కు క్వారీల నుంచి కాకినాడ పోర్టుకు గ్రానైట్ రాళ్లు తోలుతున్నడు. ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, రాజమండ్రి, కాకినాడ. ఈ ఊర్ల పేర్లు నేను మ్యాపులో చూసి నేర్చుకోలేదు, భియా ఫోన్లలో విని నేర్చుకున్న.

ఎందుకంటే రాత్రి ఒంటిగంట, రెండు గంటలకు భియా నాకు ఫోన్ చేసేటోడు. "తమ్మీ, ఏమన్నా మాట్లాడు" అనేటోడు. నిద్ర రాకుండా. ఖర్చు తగ్గించాలని ఓనర్ క్లీనర్‌ను తీసేసిండు. పక్క సీటు ఖాళీ. నేను రూములో అందరూ పడుకున్నంక మెట్ల మీదికి పోయి కూసొని మాట్లాడేటోన్ని. మాటలు అయిపోతే నా ఎకనామిక్స్ నోట్సు చదివి వినిపించేటోన్ని. మా ఫ్రెండ్స్ ఎవరో అమ్మాయితో మాట్లాడుతున్నననుకున్నరు. నేను కూడా అట్లనే అనుకోనిచ్చిన. మా అన్నకు నిద్ర వస్తున్నదని చెప్పడానికి నాకు సిగ్గు అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే దేనికి సిగ్గుపడ్డనో నాకే తెల్వదు.

పోయిన సెప్టెంబరులో ఒక రాత్రి అట్లనే మాట్లాడుతున్నం. అశ్వారావుపేట దాటిండు. నేను డిమాండ్, సప్లయ్ ఏదో చెప్తున్న. అవతల "ఊఁ... ఊఁ" అంటున్నడు. తర్వాత ఊఁ ఆగిపోయింది. ఇంజిన్ సౌండు మాత్రం వస్తున్నది. "భియా... భియా..." అని అరిచిన. పది సెకన్లో, పదిహేను సెకన్లో. తర్వాత ఎదురు బండి హారన్, వెంటనే బ్రేకు చప్పుడు. చాలాసేపటికి భియా గొంతు వచ్చింది. "ఏం కాలే. పక్కకు ఆపిన. నువ్వు పండుకో."

నేను పండుకోలే. ఆయన కూడా తెల్లారేదాక బండి తీయలేదట. తర్వాత అడిగితే ఒక మాట అన్నడు: "నిద్రపోయిన అనుకోలేదు తమ్మీ. కండ్లు తెరిచే ఉన్నయి. కానీ రోడ్డు కనిపిస్తలేదు."

దసరా సెలవులకు తండాకు పోయినప్పుడు నేనొక నోట్‌బుక్ తీసిన. "భియా, నీ పని లెక్క రాద్దాం" అన్న. నవ్విండు. "నా పనికి లెక్కేంది, జీతం, బత్తా, అంతే" అన్నడు. అయినా కూసున్నం.

నెలకు జీతం 14,000. ట్రిప్పుకు బత్తా 1,200. పోయి రావడానికి, పోర్టు యార్డులో వెయిటింగుతో కలిపి, ఒక ట్రిప్పుకు మూడు రోజులు. నెలకు ఎనిమిది ట్రిప్పులు. అంటే బత్తా 9,600. మొత్తం 23,600. ఇది వింటే మంచిగనే ఉంటది. తండాలో అందరూ భియాకు పాతిక వేలు వస్తున్నయి అనే అనుకుంటరు.

ఇప్పుడు తీసివేతలు. రోడ్డు మీద తిండి, చాయ్, స్నానం రోజుకు 250. ఇరవై నాలుగు రోజులకు 6,000. మిగిలింది 17,600. అందులో నుంచి అడ్వాన్సు కింద 3,000 కోత. ఇంటికి చేరేది 14,600.

గంటల లెక్క అడిగితే భియా ఒప్పుకోలేదు. "వెయిటింగు పని ఎట్లయితది? బండి కింద పడుకుంటం కద" అన్నడు. "బండి వదిలి ఇంటికి రావొచ్చా?" అని అడిగిన. "రావొద్దు" అన్నడు. "అయితే అది పనే" అన్న. అట్ల కొట్లాడుకొని రోజుకు 15 గంటలు అని రాసుకున్నం. ఇరవై నాలుగు రోజులకు 360 గంటలు. 17,600ను 360తో భాగిస్తే గంటకు 49 రూపాయలు కూడా లేదు. ఎనిమిది గంటల రోజుకు లెక్కేస్తే 391 రూపాయలు. మా దగ్గర ఇల్లు కట్టే మేస్త్రి కింద కూలికి పోయినా అంతకన్నా ఎక్కువే ఇస్తరు, రాత్రి ఇంట్లనే పడుకోవచ్చు.

భియా నోట్‌బుక్ తీసుకొని ఆ 49ని చాలాసేపు చూసిండు. ఏం మాట్లాడలే.

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 నాటిది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని అప్పుడే రాసిండ్రు. దూరం బండ్లకు కూడా పదికి మించొద్దని అందులో ఉండేది. మా భియా పుట్టకముందు నుంచే ఉన్న మాట ఇది. ఆయనకు ఎవరూ చెప్పలే.

రాళ్ల లెక్క కూడా చేసినం. ఒక క్యూబిక్ మీటరు గ్రానైట్ దాదాపు 2.7 టన్నులు ఉంటది. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు ఎత్తు ఉన్న బ్లాకు ఒక్కటే 24 టన్నులు దాటుతది. పది టైర్ల బండి 2018లో పెంచిన పరిమితి ప్రకారం కూడా బండి బరువుతో కలిపి 28.5 టన్నులే మోయాలి. బండి బరువే పది టన్నుల దాక ఉంటది. అంటే ఐదారు టన్నులు ఎక్కువ. ఓవర్‌లోడుకు 2019 సవరణ తర్వాత చట్టంలో 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000 అని ఉంది. బ్రేకు పడకపోతే కేసు మాత్రం స్టీరింగు మీద ఉన్నోని మీదనే.

అయితే ఇంత తెలిసినా భియా పని ఎందుకు మారలేదు? మూడు కారణాలు చెప్పిండు. ఒకటి, అక్క పెళ్లికి ఓనర్ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, ఇంకా 24,000 మిగిలింది. రెండు, లైసెన్సు కార్డు ఓనర్ దగ్గరే ఉంది, అడ్వాన్సు ఇచ్చినప్పుడు తీసుకొని పెట్టుకున్నడు. మూడోది చెప్పడానికి కొంచెం ఆగిండు. "నీ డిగ్రీ అయిపోని. తర్వాత చూద్దాం."

ఆ మూడో కారణం నేనే. మెట్ల మీద కూసొని ఆయన నిద్ర ఆపుతున్న అనుకున్న గానీ, ఆయనను ఆ సీట్ల కూసోబెట్టింది కూడా నా చదువే అని అప్పటిదాక నాకు తట్టలేదు. నేనన్న: "నీకేమన్నా అయితే నా డిగ్రీతోని ఏం జేస్కోవాలె భియా?" యాడి పొయ్యి దగ్గర నుంచి ఇటు చూసింది. అప్పటిదాక ఆ రాత్రి సంగతి యాడికి తెల్వదు.

ఆ తర్వాత మూడు నెలల్లో మేము చేసింది, తెలుసుకున్నది వరుసగా రాస్తున్న. మీ ఇంట్ల డ్రైవర్ ఉంటే పనికొస్తది.

మొదటిది, ఎప్పుడు మారాలి. డ్రైవర్లు ఎక్కువగా ఓనర్‌తో కొట్లాట అయినప్పుడు మారుతరు. దారి మధ్యలో బండి వదిలేసి వచ్చేస్తరు. అది తప్పు టైమ్. జీతం ఆగుతది, పేరు పోతది, బండికి ఏమన్నా అయితే మెడకు చుట్టుకుంటది. కోపం వచ్చినప్పుడు కాదు, గుర్తులు కనిపించినప్పుడు మారాలి. మా భియా విషయంలో గుర్తులు నాలుగు. కండ్లు తెరిచే నిద్ర పోవడం. వద్దన్నా ఓవర్‌లోడు ఎక్కించడం. జీతం ఒక నెలది ఇంకో నెలలో పడటం. లైసెన్సు చేతిలో లేకపోవడం. నాలుగు కలిసేదాక చూడొద్దు. మొదటిది ఒక్కటి వచ్చినా చాలు, ఎందుకంటే రెండోసారి ఎదురుబండి హారన్ కొడుతదని నమ్మకం లేదు.

రెండోది, ఉన్న పని చేసుకుంటనే కొత్త పని వెతకాలి. ఖాళీగ ఉన్న డ్రైవర్‌కు కొత్త ఓనర్ తక్కువ జీతం చెప్తడు. పనిలో ఉన్నోడు అయితే బేరం ఆడొచ్చు.

మూడోది, కాగితాలు. లైసెన్సు ఎట్ల తేవాలా అని ఆలోచిస్తుంటే దాని మీద తేదీ గుర్తొచ్చింది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు అయిదేళ్లకే రెన్యువల్ చేయించాలి. 2021 జనవరిది అంటే 2026 జనవరికి అయిపోతది. భియా పోయి "సేట్, రెన్యువల్‌కు కార్డు కావాలె" అని అడిగిండు. అబద్ధం కాదు, నిజంగనే కావాలి. లైసెన్సు లేకుండ బండి నడిపితే ఓనర్‌కే నష్టం కాబట్టి ఇచ్చిండు. తేదీ దాటి ఏడాది అయితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు పెడతరు, అందుకని ముందే చేయించుకోవాలి. రెన్యువల్‌కు డాక్టర్ సర్టిఫికెట్ కూడా ఉంటది. అప్పుడు కండ్లు చూపిస్తే దూరం చూపుకు అద్దాలు రాసిండ్రు. ఎన్ని రోజుల నుంచి అట్ల నడిపిండో.

కొత్త కార్డు రాగానే ఫోనులో డిజీలాకర్‌లో పెట్టిచ్చిన. చెకింగ్‌లో అది చూపించినా చెల్లుతది. ఇంకెప్పుడూ ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దని ఒట్టు పెట్టించుకున్న.

అనుభవానికి రుజువు అడిగితే లారీ డ్రైవర్ దగ్గర ఏముంటది? జీతం చేతికే ఇస్తరు. అందుకని ఆ మూడు నెలలు "ఫోన్‌పే చేయండి సేట్" అని అడిగి బ్యాంకులో పడేట్టు చేసుకున్నడు. కాటా చీటీలు, లోడింగ్ స్లిప్పులు పారేయకుండ ఫోటోలు తీసి నాకు పంపిండు. నేను తేదీల వారీగ పెట్టిన. చూడటానికి చిన్న పనే కానీ కొత్త దగ్గర అవే చూపించినం.

నాలుగోది, అడ్వాన్సు. అప్పు అప్పే, కట్టాలి. కానీ అప్పు ఉంది కాబట్టి వేరే దగ్గర పనికి పోవద్దని బలవంతం చేయడం మాత్రం 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద నేరం. ఈ మాట తెలిస్తే చాలు, కొట్లాడాల్సిన పని లేదు. మేము కొట్లాడలే. మూడు నెలలు నెలకు 5,000 చొప్పున కట్టినం, అది 15,000. కోత పెరిగిన ఆ 2,000 నేను హన్మకొండలో శని, ఆదివారాలు ఫంక్షన్ హాళ్లల్ల క్యాటరింగ్ పనికి పోయి ఇంటికి పంపిన. మిగతా 9,000 బాపు పత్తి పైసల నుంచి ఇచ్చిండు. పైసలు ఇచ్చినప్పుడు "అడ్వాన్సు మొత్తం ముట్టింది, బాకీ లేదు" అని కాగితం మీద రాయించుకొని సంతకం తీసుకున్నం. బండి అప్పజెప్పేటప్పుడు నాలుగు దిక్కుల ఫోటోలు, కిలోమీటర్ల రీడింగు ఫోటో. ఓనర్ నవ్విండు, "నీ తమ్ముడు వకీలా?" అని. పోనియ్.

అయిదోది, ఎక్కడ వెతకాలి. భియాతో కలిసి ఒక్కొక్కటి చూసినం.

ఆర్టీసీ: సరిగ్గ ఆ దసరాకే నోటిఫికేషన్ పడి ఉంది. 1,743 పోస్టులు, అందులో డ్రైవర్లవి 1,000. స్కేలు 20,960తో మొదలు. రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 2022 నుంచి 10 శాతం. భియాకు లైసెన్సు ఉంది, అనుభవం ఉంది, పదో తరగతి లేదు. ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోయినం. తొమ్మిదేళ్లు చదివి ఒక్క ఏడాది దగ్గర.

ట్యాంకర్లు: పెట్రోల్, గ్యాస్ లాంటివి తోలాలంటే మూడు రోజుల ట్రైనింగ్ తీసుకొని లైసెన్సు మీద రాయించుకోవాలి. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లిష్ చదవడం, రాయడం కూడా రావాలని రూల్‌లో ఉంది. చిన్నగ నేర్చుకుంటే అయ్యే పనే.

గల్ఫ్: తండాకు వచ్చిపోయే ఒక ఏజెంటు 1,20,000 అడిగిండు. రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30,000, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోవద్దు. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడొచ్చు. మన రాష్ట్రంలో టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థే ఉంది. పదో తరగతి పాస్ కానోళ్లకు గల్ఫ్ లాంటి 18 దేశాలకు పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఇవి అడిగితే ఆ ఏజెంటు మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

స్కూలు బస్సు: కనీసం అయిదేళ్ల హెవీ అనుభవం అడుగుతరు. స్పీడు కేసులు, తాగి నడిపిన కేసులు ఉంటే తీసుకోరు. భియాకు అటువంటివి ఏమీ లేవు. జనవరికి సరిగ్గ అయిదేళ్లు.

ఆరోది, కొత్త ఓనర్‌ను ఏం అడగాలి. జీతం ఎంత అని అందరం అడుగుతం. అది ఆఖరుకు అడగాలి. ముందు అడగాల్సినవి: ఏ తేదీకి జీతం? పంచరు, డీజిల్ షార్టేజీ, దారి ఖర్చులు ఎవరివి? రెండో డ్రైవర్ గానీ క్లీనర్ గానీ ఉంటడా? వెయిటింగు రోజులకు బత్తా ఉందా? ఇన్సూరెన్సులో డ్రైవర్‌కు కవర్ ఉందా? ఇంకో మాట, ఈ జవాబులు ఓనర్ చెప్తే నమ్మొద్దు. ఆయన బండ్లు ఆగే చాయ్ హోటల్‌కు పోయి ఆయన డ్రైవర్లను అడగాలి. భియా అట్ల రెండు దగ్గర్లు వద్దనుకున్నడు.

సంక్రాంతి అయినంక మహబూబాబాద్‌లో ఒక స్కూలు బస్సు డ్రైవర్ ఊరికి పోయిండని తెలిసింది. భియా చేరిండు. జీతం 15,000. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు. నెలకు దాదాపు 150 గంటలు. అంటే గంటకు 100 రూపాయలు. నోట్‌బుక్‌లో 49 కింద 100 అని భియానే రాసిండు.

అంతా బాగైపోయింది అని రాస్తే అబద్ధం అయితది. చేతికి వచ్చేది 2,600 తగ్గింది. ఎండాకాలం సెలవుల్లో జీతం ఇవ్వరట, ఆ టైమ్‌లో ట్రాక్టర్ కిరాయికి పోవాలి అంటున్నడు. తండాలో కొందరు "లారీ డ్రైవర్ ఆటో లెక్క పిల్లల బస్సు తోలుతున్నడు" అని నవ్వుతున్నరు. భియాకు అది తగులుతది, నాకు తెలుసు. పెద్ద బండి నడిపిన చేయి. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఉండాలో చెప్తుంటే ఆయన మొఖం వేరే ఉంటది. ఆ పని మీద ఇష్టం పోలేదు. ఆ పని చేయించిన తీరు మాత్రం మంచిది కాదు.

ఓపెన్ స్కూల్‌లో ఈసారి అడ్మిషన్లు పడంగనే పదో తరగతికి కడతడు. పుస్తకాలు ముందే తెచ్చిచ్చిన. మళ్లీ ఆర్టీసీ పడితే ఆ ఒక్క లైను దగ్గర ఆగొద్దు. ఇంకోటి, బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతోని రెండు లక్షల ప్రమాద బీమా ఉంటది, సురక్షా బీమా అని. నడిపే ప్రతి ఒక్కరికీ కట్టించండి. అది ఈ పోస్టు చదివిన రోజే చేయొచ్చు.

ఇప్పుడు ఫోన్ రాత్రి ఎనిమిదిన్నరకు వస్తది. "తిన్నవా?" అని అడుగుతడు. తర్వాత లెక్కల పుస్తకం తీస్తడు. నేను అదే మెట్ల మీద కూసొని శాతాలు, వడ్డీలు చెప్తున్న. తొమ్మిదిన్నరకల్లా అవతల "ఊఁ" ఆగిపోతది. నేను పిలువను. ఫోన్ పెట్టేస్తున్న.

మీ ఇంట్ల డ్రైవర్ ఉంటే ఈ సెలవులకు ఒక నోట్‌బుక్ తీయండి. గంటల లెక్క వేయండి. లైసెన్సు ఎక్కడుందో, ఎప్పటిదాక ఉందో అడగండి. మీకు తెలిసిన పనులు, నోటిఫికేషన్లు ఉంటే కింద రాయండి, భియా కూడా చదువుతడు. తప్పులుంటే చెప్పండి.

ఉంటా. అందరికీ రామ్ రామ్.